క్లారీ టక్వెల్ సాగదీసిన డొల్ల

క్లారీ టక్వెల్ అబద్ధం ఆడడు. ఉన్నదాన్ని సాగదీస్తాడు. మూడేళ్ళుగా వాన లేని మా ఊళ్ళో సాగేది ఆయన మాటొక్కటే కాబట్టి, ఎవరూ అడ్డు చెప్పేవాళ్ళు కాదు. డార్లింగ్ నది గుంటలు గుంటలుగా తెగిపోయి పడుంది. మనుషులు శనివారం మధ్యాహ్నం డల్సీ బీరు హోటలు వరండాలో చేరి, క్లారీ నోటి వంక చూస్తూ కూర్చునేవాళ్ళు.

ఆ శనివారం మాత్రం నవ్వే మనసు ఎవరికీ లేదు. మెట్టుమీద యూనా గోస్పర్ కూర్చుని ఉంది, రైఫిలు మోకాళ్ళమీద పెట్టుకుని. ఆమె మొగుడు రాయ్ సగం మందని తోలుకుని మేత వెతుక్కుంటూ దూరం వెళ్ళాడు. మిగిలిన సగం, ఈనబోయే ఆడగొర్రెలు, ఈమె చేతికింద ఉన్నాయి. వాటిమీద డింగో పడింది. మా అడవికుక్క అది. ఆకలికి ఒకటి చంపుతుంది, సరదాకి నాలుగు. యూనా దగ్గర తూటాలు అయిపోయాయి. కొట్లో లేవు, బుధవారం రైలుకి గాని రావు. అప్పటిదాకా గొర్రెలుంటాయో లేదో ఎవరికీ తెలీదు.

క్లారీ పొగాకు డబ్బా నిండా తూటాలు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. పెట్టి ఊరుకుంటే ఆయన క్లారీ ఎందుకవుతాడు?

"చూడమ్మాయ్, నీ రైఫిలు గొట్టం సన్నం, పాతిక సైజుది. ఆ తూటాలు దొరకవు. కానీ యుద్ధంలో మిగిలిన త్రీ-నాట్-త్రీ తూటాల ఖాళీ డొల్లలు ఏ కొట్టంలో వెతికినా దొరుకుతాయి. ఇత్తడి అదే, ఒళ్ళు అదే, మెడే కాస్త లావు. అచ్చులో పెట్టి మెడ నొక్కితే సన్నబడుతుంది, నీ సన్నగుండు అందులో కూర్చుంటుంది. ఈ జిల్లాలో సగంమంది చేసే పనే. నేనూ చేశాను. అంతే."

"అంతేనా? ఒంట్లో బాగుందా క్లారీ?" అంది డల్సీ, గుమ్మానికి ఆనుకుని.

"మొదలు అంతే అన్నాను. వినేవాళ్ళకి ఓపిక ఉంటే మిగతాది ఉంది." జేబులోంచి ఒక ఖాళీ డొల్ల తీసి అందరికీ చూపించాడు. "ఇదిగో, ఇదీ ఈ డబ్బాలో తూటాల వాయిలోదే. దీని అన్న సంగతి చెప్తాను. నా అచ్చు ట్రాక్టరు ఇరుసులోంచి తొలిచింది. డొల్లకి గొర్రెబొచ్చు జిడ్డు రాసి నెట్టాను, పాతికకి దిగింది. దిగి, ఇంకా దిగుతానంది. ఇత్తడి నోరు తెరిచి అడిగితే కాదంటామా? ఇంకో అచ్చు తొలిచాను, ఇరవైరెండుకి దిగింది. ఇంకోటి తొలిచాను, పదిహేడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మెడ చిట్లింది," అన్నాడు లెన్ ప్రౌజ్. కంచెలు వేసేవాడు, తీగ బిగించే పటకారు బెల్టుకి వేలాడుతూనే ఉంటుంది.

"నీ చేతిలో అయితే చిట్లేది. నా చేతిలో సూది పట్టేంత సన్నమైంది. అబద్ధమెందుకు, సూదే పెట్టాను, మా ఆవిడ కుట్టుసూది. మైలు అవతల పొట్టేలు ముక్కుమీద ఈగ వాలి ఉంది. పేల్చాను. ఈగ పడింది, పొట్టేలు తుమ్మింది."

"మైలు అవతల ఈగ కనబడిందా?" అన్నాడు లెన్.

"ఆ రోజు దుమ్ము లేదు."

"మిగతాదంతా నమ్ముతాను గానీ, దుమ్ము లేని రోజంటే నమ్మను," అంది డల్సీ.

క్లారీ ఆమెని చూడలేదు. గుళ్ళో ప్రార్థన చదివేవాడి మొహం పెట్టి చెప్తున్నాడు. "సూదికి దారం ఉందని చెప్పానా? లేదు కదూ. దారం ఉంది. రెండోసారి పేల్చినప్పుడు ఉన్ని బస్తాలు వరసగా పెట్టాను. ఒక్క దెబ్బకి ఆ కొసనించి ఈ కొసకి బస్తాల మూతులన్నీ కుట్టుకుపోయాయి. ఉన్ని కొనేవాడు వచ్చి కుట్టు చూసి, మీ ఇంట్లో దర్జీ ఎవరన్నాడు. సరే, సన్నబడింది చాలు, లావెక్కిద్దాం అనుకున్నాను. అదే డొల్ల మెడలో మేకు దింపాను, వెడల్పయింది. గడ్డపార దింపాను, ఇంకా వెడల్పయింది. పట్టి లాగాను, సాగింది. లాగుతూ పెరట్లోకి వెళ్ళాను. పెరడు దాటాను. రైలుకట్ట దాటాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనక్కి తిరిగి చూస్తే పదకొండు మైళ్ళ ఇత్తడి గొట్టం, ఒక కొస నా చేతిలో, ఒక కొస బోరు దగ్గర. నీళ్ళు వచ్చాయి. వేడిగా, ఉప్పగా, కానీ నీళ్ళు. లేవలేక పడి ఉన్న గొర్రెలు మూతులు చాచాయి. పడుకున్నచోటే తాగాయి. తాగి లేచాయి."

నీళ్ళ మాట రాగానే వరండాలో ఎవరూ నవ్వలేదు. యూనా తల దించుకుని రైఫిలు కర్రమీద వేలితో రుద్దుతూ ఉండిపోయింది. కోతలైతేనేం, లేచిన గొర్రెని వినడం కూడా ఆ రోజుల్లో ఒక ముద్ద అన్నమే.

లెన్ అందుకున్నాడు. "అంత లాగితే ఇత్తడి పెళుసెక్కాలి కదా క్లారీ. పగలకుండా ఎట్లా ఆగింది?"

"అడిగావు! అదీ రహస్యం. నిప్పులో కాచాలి."

"అది అందరం చేసేదే. అడుగు మునిగేట్టు నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టి, పైన మెడ ఒక్కటే మంటకి కాస్తాం," అంది యూనా.

"పిరికివాళ్ళు నిలబెడతారమ్మాయ్! నీళ్ళెందుకు? నేను డొల్లలన్నిటినీ పొయ్యిలో కుమ్మరించాను. మెడా, ఒళ్ళూ, అడుగూ, పైనుంచి కిందిదాకా నిప్పుకణికలయ్యేదాకా ఉంచి, తీరిగ్గా చల్లారనిచ్చాను. వెన్న అయిపోయాయి. ఈ డబ్బాలోవన్నీ అట్లా కాచినవే, నీ కోసం."

ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. క్లారీ ఇంకా మెప్పు కోసం చుట్టూ చూస్తున్నాడు.

యూనా ఆ ఖాళీ డొల్ల తీసుకుని లెన్‌కి ఇచ్చింది. లెన్ పటకారుతో దాని అడుగుకి కాస్త పైన నొక్కి వదిలాడు. గట్టి ఇత్తడి అయితే తిరిగి గుండ్రంగా లేచేది. ఇది లేవలేదు. నొక్కిన చోట రేకుడబ్బాలా సొట్టపడి అట్లాగే ఉండిపోయింది.

"మెడ మెత్తగా ఉండాలి క్లారీ," అంది యూనా, గొంతు పెంచకుండా. "అడుగు గట్టిగా ఉండాలి. మంట వెనక్కి రాకుండా ఆపేది అదే. నువ్వు దాన్నీ వెన్న చేశావు. నేను చెంప ఆనించి పేలిస్తే, కుక్కకి తగలాల్సింది నా కంట్లోకి వస్తుంది. రాయ్ ఊళ్ళో లేడు. నా కన్ను పోతే ఆ గొర్రెల్ని ఎవరు చూస్తారు?"

క్లారీ మొహం ఇటుకలా అయింది. "నా తూటాకి వంక పెడతావా? ఇటివ్వు!" రైఫిలు లాక్కున్నాడు. డబ్బాలోంచి ఒక తూటా పెట్టాడు. తూటా వెనక బోల్టు మూశాడు. ఎర్రటి మైదానం వైపు తిరిగి చెంప ఆనించాడు. మగవాళ్ళంతా తమ బూట్లు చూసుకుంటున్నారు. పరువు కోసం కన్ను పోగొట్టుకునేవాడిని ఆపితే తన పరువు పోతుందనుకునే జాతి కదా ఇది! లెన్ కూడా కదల్లేదు.

యూనా లేచి వెళ్ళి, బోల్టుకీ ఆయన కంటికీ మధ్య తన అరచెయ్యి పెట్టింది.

"కోతలకి నోరు చాలు క్లారీ. కన్నెందుకు?"

ఆ చెయ్యి అక్కడుండగా పేల్చడానికి ఆయనకి చేతకాలేదు. రైఫిలు మెల్లగా దించాడు. యూనా బోల్టు తెరిచి తూటా బయటికి తీసింది. డబ్బా మూత పెట్టి డల్సీకి ఇచ్చింది, నదిగుంటలో పారేయమని. క్లారీ మెట్టుమీద కూలబడ్డాడు. పెద్ద మనిషి, ఒక్కసారిగా చొక్కాలో చిన్నవాడైపోయాడు.

"మరి ఆ కుక్క?" అన్నాడు, గొంతు తగ్గించి. "రాత్రికి వస్తుంది కదా. బుధవారందాకా ఏం చేస్తావు?"

"మందలోనే పడుకుంటాను. మనిషి గొంతు వినబడితే డింగో దగ్గరికి రాదు. తెల్లారేదాకా ఒక్కదాన్నే ఏం మాట్లాడతానో, అదే తెలీడం లేదు."

వరండాలో తలలన్నీ ఒక్కసారే క్లారీ వైపు తిరిగాయి. ఆయన అందరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత టోపీ తీసుకుని లేచాడు.

"ఆ బోరు సంగతి," అన్నాడు యూనాతో, మళ్ళీ అదే ప్రార్థన మొహం పెట్టి, "నేను చెప్పింది మొదటి గొట్టం మాత్రమే."