మైనస్ త్రీలో జియాలజీ

రాయదుర్గం మెట్రో దిగి నాలుగడుగులు వేస్తే కనిపించే అద్దాల టవర్ గేటు దగ్గర, నాలుగు కావస్తుండగా, జియాలజీ ప్రొఫెసర్ చలపతిరావు గారిని సెక్యూరిటీ గార్డు ఆపేశాడు. ఆయనది ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నోరు. అడిగినవాడికి సమాధానం చెప్పకుండా ముందుకు కదలడం ఆ నోటికి చేతకాదు.

"ఎవర్ని కలవాలె సార్?"

"నన్నే."

"గట్ల కాదు సార్. లోపల ఎవరి కోసం వచ్చిండ్రు?"

"లోపల ఎవరూ లేరయ్యా. నేను వెళ్తేనే లోపల నేనుంటాను. మూడేళ్లుగా రోజూ ఈ గేటులోంచే వెళ్తున్నాను, నువ్వే తీస్తున్నావు. ఈ రోజు కొత్తగా ఏమిటిది?"

"కొత్తదే సార్. పొద్దుగాల్నుంచి విజిటర్ యాప్ పెట్టిండ్రు. లోపలున్న మనిషికి ఓటీపీ పోతది. ఆయన నాకు చెప్తే నేను గేటు తీస్త. యాప్ పాడైతే అక్కరకొస్తదని బుక్కు గూడ ఉంచిండ్రు. రెండిట్ల ఎక్కించాలె."

"నేను విజిటర్ని కాదు. ఈ స్థలం మా యూనివర్సిటీది. ఈ టవరే మా స్థలంలో ఉంది."

"నేను కాదంటలేను సార్. యాప్ అంటున్నది. ఏ డిపార్ట్‌మెంట్ మీది?"

"జియాలజీ. మైనస్ త్రీ, అంటే నేల కింద మూడో అంతస్తు. కార్ల పార్కింగ్ దాటాక, జనరేటర్ పక్క గది."

"ఆఁ, ఉంది సార్. యూనివర్సిటీ, జియాలజీ. ఓటీపీ పోయింది."

"హమ్మయ్య. ఎవరికి పోయింది?"

"గీ యాప్‌ల ల్యాండ్‌లైన్ నంబరున్నది. ఫోన్ మోగుతది, ఎత్తితే ఒక ఆడమనిషి గొంతు నంబరు చెప్తది."

"ఆ ఫోన్ నా టేబుల్ మీద ఉంటుంది."

"మంచిదే గదా సార్. ఎత్తమనుండ్రి."

"ఎవర్ని?"

"లోపలున్నోళ్లని."

"ఎత్తాల్సింది నేనే కదయ్యా. నేను ఇక్కడున్నాను."

"మీరు లోపలుంటే ఎత్తేటోళ్లే గదా."

"లోపలుంటే నాకు ఓటీపీ ఎందుకు?"

"గా సంగతి నాకెర్కలే సార్. బయట ఎండ కొడ్తున్నది, గీ పసుపు గీత దాటి ఇటు రాండ్రి. క్యాబిన్ కాడ కుర్చీ ఉంది, నీడకు కూసోండ్రి. కూసుంటే యాప్ ఏమనది."

"ఇదిగో, కూర్చున్నాను. కానీ తీరిక లేదు. అయిదులోపు పాఠం చెప్పకపోతే డిపార్ట్‌మెంట్ పోతుంది."

"పోవుడంటే?"

"పోవడమంటే పోవడమే. పదేళ్ల కిందట ప్రభుత్వం గ్రాంటు తగ్గించి, మీ కాళ్ల మీద మీరు నిలబడండి అంది. యూనివర్సిటీకి కాళ్లెక్కడివి, ఉన్నవల్లా స్థలాలే. ఇది టవర్ వాళ్లకి లీజుకిచ్చారు. బదులుగా మాకు ఒక గది. షరతేమిటంటే, ప్రతి పనిదినం సాయంత్రం అయిదులోపు, ఈ ఆవరణలో, అడ్మిషన్ ఉన్న ఒక్క విద్యార్థికైనా, నలభై నిమిషాలు పాఠం జరగాలి. ఒక్క రోజు జరగకపోయినా గది వాళ్లది. గది లేని డిపార్ట్‌మెంట్‌ని కొత్త పాలసీ ప్రకారం మూసేస్తారు. నన్ను నిద్రలో లేపి అడిగినా ఆ కాగితం అప్పజెప్తాను."

"గా గదితోని వాళ్లకేం పని సార్?"

"నిద్రగది చేస్తారట. ఉద్యోగులు మధ్యాహ్నం కునుకు తీయడానికి."

"క్లాసుల గూడ కునుకే గదా సార్ నడిచేది."

"నువ్వూ అన్నావా ఆ మాట. అరవై ఏళ్లుగా పోగుచేసిన రాళ్లున్నాయయ్యా అందులో. నాలుగు వేలు. మా గురువులు ఎండల్లో తిరిగి తెచ్చినవి, నేను భుజం మీద మోసుకొచ్చినవి. అవన్నీ లారీలో వేసి కంకర మిషన్‌కి తోలేస్తారు. తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు."

"నాలుగు వేల రాళ్ల పేర్లు ఎర్కేనా మీకు?"

"అన్నీ తెలుసు. ఏది ఏ ఊళ్లో దొరికిందో కూడా తెలుసు."

"గొప్పే సార్. ఆగుండ్రి, ఫోనొచ్చింది. ఆఁ మేడమ్... ఉన్నడు మేడమ్... ముందటనే కూసున్నడు... లే మేడమ్, పోనియ్య... సరే మేడమ్."

"ఎవరు?"

"మేనేజర్, స్రవంతి మేడమ్. నీళ్లు తాగుతరా సార్?"

"ఆ ఫోను ఇటివ్వు. అమ్మా, నలభై నిమిషాలు వదలండమ్మా అని బతిమాలుకుంటాను."

"పెట్టేసింది సార్. మీకు రోజు ఒక సన్నటి పిలగాడు వచ్చేటోడు గదా, ఆయనేడీ?"

"ఆకాష్. పొద్దుటి నుంచి ఫోనెత్తడం లేదు. అదుగో, లోపల్నుంచే వస్తున్నాడు. ఆకాష్, ఇటు రా నాయనా. లోపలే ఉన్నావా? పరుగెత్తుకెళ్లి నా టేబుల్ మీద ఫోనెత్తు."

"నమస్తే సార్. మీకు చెబుదామనే అనుకున్నా. నాకు ఉద్యోగం వచ్చింది సార్. ఇక్కడే, తొమ్మిదో ఫ్లోర్‌లో. ఈ రోజే జాయినయ్యా."

"ఈ రోజే? ఏం ఉద్యోగం?"

"కంప్యూటర్‌కి ఫోటోలు నేర్పించాలి సార్. ఇది రాయి, ఇది రాయి కాదు అని నొక్కుతూ పోవాలి. రోజుకి రెండు వేల ఫోటోలు."

"ఎమ్మెస్సీ చదివి?"

"చదువు చాలా ఉపయోగపడింది సార్. మిగతావాళ్లు బంగాళాదుంప దగ్గర ఆగిపోతున్నారు."

"సరే, బాగుపడు. ఒక్క నలభై నిమిషాలు కిందికి రా, పాఠం విని వెళ్దువుగాని."

"నా కార్డు తొమ్మిదో ఫ్లోర్‌కి, క్యాంటీన్‌కి తప్ప పనిచెయ్యదు సార్. పైగా నేను ఏ యూనివర్సిటీలోనూ విద్యార్థిని కానని సంతకం పెట్టించుకున్నారు. అడ్మిషన్ రద్దు కాగితం కూడా వాళ్లే టైప్ చేసిచ్చారు."

"వాళ్లే టైప్ చేసిచ్చారా."

"బ్రేక్ పది నిమిషాలే సార్. వస్తాను. అంతా మీ దయ సార్."

"వెళ్లు నాయనా, వెళ్లు."

"మంచి పిలగాడు సార్."

"మంచివాడే. రోజూ వాడి కుర్చీ నేనే తుడిచేవాణ్ని."

"ఇంకెవరూ లేరా సార్, మీ హాజరు పట్టీల?"

"ఉన్నాడొకడు, పేరుకి. మొన్న యూనివర్సిటీ ఇంకో పాలసీ తెచ్చింది, ఏ వయసువాళ్లయినా ఫోన్లో ఫారం నింపి సర్టిఫికెట్ కోర్సులో చేరొచ్చని. మెట్రో స్తంభాలన్నిటికీ ప్రకటనలు కట్టారు. ఆ డబ్బుతో ఇద్దరు లెక్చరర్లని వేసుకోవచ్చు. మా డిపార్ట్‌మెంట్‌లో చేరింది ఒకే ఒక్కడు, కె. ఐలయ్య అని. ఒక్కనాడు మొహం చూపించలేదు. బాధ్యత లేని మనిషి."

"డ్యూటీ గీటీ ఉందేమో సార్."

"ఉంటే ఒక కబురు పెట్టకూడదూ?"

"వేరే దేశాలల్ల గూడ గిట్లనేనా సార్, చదువుల పరిస్థితి?"

"అంతటా ఇదే. నాతో చదివిన రవికిరణ్ ఒక దేశంలో ప్రొఫెసరు. వాళ్లది బయటి దేశాల పిల్లల ఫీజుల మీద నడిచేది, వీసాలు తగ్గించేసరికి చతికిలబడింది. ఇప్పుడు వాళ్ల మ్యూజియం పెళ్లిళ్లకి అద్దెకిస్తున్నారు. మొన్న డైనోసార్ తొడ ఎముకకి పూలదండ వేసి, పెళ్లికొడుకు తాతగారి పక్కన నిలబెట్టి ఫోటో తీశారట. ఉమాశ్రీ అని ఇంకొకావిడ వేరే దేశంలో ఉంది. ఆవిడ డిపార్ట్‌మెంట్ మూసేసి, డిపార్ట్‌మెంట్లు ఎందుకు మూతపడుతున్నాయో పరిశోధించే కేంద్రం పెట్టి, ఆవిణ్నే డైరెక్టర్ని చేశారు."

"దానికి పైసలొచ్చినయా?"

"దానికి వచ్చాయి. టైమెంతయింది?"

"నాలుగుంపావు సార్."

"ఇంకో అయిదు నిమిషాల్లో మొదలుపెట్టకపోతే ఇక అంతే. మళ్లీ నొక్కు ఆ ఓటీపీ."

"నొక్కిన సార్. మోగుతున్నట్టున్నది. అందాక ఒక్క ముచ్చట అడుగుత. గేటు పక్కన గీ గుండు రాయి మీద కంపెనీ బొమ్మ పెయింట్ చేసిండ్రు గదా. నేను చిన్నప్పటి సంది ఇరవై ఏండ్లు రాయి కొట్టిన. గీ చుట్టుపక్కల గుండ్లన్నీ గుండ్రగ ఎందుకుంటయి? ఎవరు చెక్కిండ్రు?"

"ఇప్పుడెందుకయ్యా అదంతా?"

"చెప్తే తెలుసుకుంట. చెప్పకుంటే తెల్వకుండనే సస్త."

"ఎవరూ చెక్కలేదు. ఏట్లో దొర్లి అలా అయిందనుకుంటారు అందరూ. కాదు. ఇది పుట్టిన చోటే ఉంది. రెండొందల యాభై కోట్ల ఏళ్ల కిందట..."

"జర ఆగుండ్రి. రెండొందల యాభై..."

"కోట్ల ఏళ్లు. ఏం రాస్తున్నావు?"

"ఎంట్రీ సార్. మీరు చెప్పుండ్రి."

"భూమి లోపల కరిగిన రాయి నెమ్మదిగా చల్లారింది. అందుకే గింజ పెద్దది. ఈ గులాబీ రంగుది ఫెల్‌స్పార్, ఈ గాజులాంటిది క్వార్ట్జ్, నల్లగా మెరిసేది అభ్రకం. తర్వాత పైనున్న బరువంతా కొట్టుకుపోయి రాయి బీటలిచ్చింది, అడ్డంగా, నిలువుగా, పెట్టెలు పేర్చినట్టు. బీటల్లోకి నీళ్లు దిగాయి. పెట్టెకి మధ్యలో ఒక్క వైపు నుంచే నీళ్లు తగుల్తాయి. అంచుకి రెండు వైపుల నుంచి. మూలకి మూడు వైపుల నుంచి. అప్పుడేమవుతుంది?"

"మూలలు ముందుగాల అరుగుతయి."

"అరుగుతాయి. నేను చెప్పకుండానే చెప్పావే."

"ఉల్లిగడ్డ లెక్క పొరలు పొరలు లేస్తయి సార్. కొట్టేటప్పుడు చూసిన."

"మా పుస్తకాల్లోనూ ఉల్లిపాయే. ఆకాష్‌కి ఇది ఎక్కించడానికి రెండు సెమిస్టర్లు పట్టింది."

"మరి నల్ల చార సంగతేంది? పెద్ద బండ నడుమ నల్ల రాయి చార ఉంటది. సుత్తె దెబ్బ వేస్తే ఎన్కకు ఎగురుతది."

చలపతిరావు గారు కుర్చీలోంచి లేచారు. జేబులో సుద్దముక్క ఉండనే ఉంది. పసుపు గీత పక్కన నేల మీద బొమ్మ మొదలైంది. ఇక ఆ మనిషిని ఆపడం ఎవరి తరమూ కాదు.

"...అలా పగుల్లోకి కింది నుంచి ఎగదన్నుకొచ్చిన రాయి, డోలరైటు. తొందరగా చల్లారింది కాబట్టి సన్న గింజ. సన్న గింజ కాబట్టి..."

"సుత్తెను ఎన్కకు కొడ్తది."

"కొడుతుంది. మరి గ్రానైటు వయసెక్కువా, నల్ల చార వయసెక్కువా? ఆలోచించి చెప్పు."

"బండ పగిలినంకనే గదా సార్ అది దూరేది. ముందుగాల ఇల్లు, ఎన్క కిరాయికొచ్చినోడు. కిరాయికొచ్చినోడే గట్టిగున్నడు."

"ఆహా. ముప్పై ఏళ్లలో ఎవరూ ఇంత బాగా చెప్పలేదయ్యా. టైమెంతయింది?"

"అయిదు సార్."

"ఏమిటీ?"

"అయిదు."

"ఓటీపీ ఏది? మోగుతోందన్నావు?"

"మోగుతనే ఉంటది సార్. ఎత్తేటోళ్లు లేరని ఎర్కుండే మేడమ్ గా నంబరు ఎక్కించింది. అయిదు దాక ముచ్చట్ల పెట్టు, లోపలికి పోనియ్యకు అని పొద్దుగాలనే నాకు చెప్పింది."

"ముచ్చట్లలో పెట్టావు నన్ను."

"పెట్టిన."

"గుండు, ఉల్లిగడ్డ, నల్ల చార. అన్నీ అందుకే అడిగావన్నమాట. మూడేళ్లు రోజూ నీకు నమస్కారం పెట్టి లోపలికి వెళ్లానయ్యా."

"పెట్టిండ్రు సార్, కాదన. నాలుగు వేల రాళ్ల పేర్లు ఎర్కున్నయి మీకు. నా పేరు ఒక్కనాడన్న అడిగిండ్రా?"

"ఇప్పుడా అడిగేది, అంతా అయిపోయాక? సరే చెప్పు. ఎవరి మీద ఫిర్యాదు రాయాలో తెలియాలి కదా."

"బుక్కుల ఉంది. అద్దాలు పెట్టుకొని సదువుండ్రి. బయటికి పోయే టైమ్ కాడ మీ సంతకం గూడ కావాలె."

"పేరు, ప్రొఫెసర్ చలపతిరావు. ఎవర్ని కలవాలి, కె. ఐలయ్య. పని... పాఠం. వచ్చిన టైము నాలుగూ పద్దెనిమిది, వెళ్లిన టైము అయిదు. కింద ఇదంతా ఏమిటి? రెండొందల యాభై కోట్లు... మూలకు మూడు దిక్కుల నీళ్లు... ఉల్లిగడ్డ..."

"నోట్స్ సార్. నలభై రెండు నిమిషాల పాఠం. మీద కెమెరా గూడ ఉంది, మీరు బొమ్మ గీసుడు, నేను జవాబు చెప్పుడు అన్నీ పడ్డయి. బుక్కు కంపెనీది, కెమెరా కంపెనీది. కాదంటే వాళ్ల మాటనే వాళ్లు కాదన్నట్టు."

"కె. ఐలయ్య అంటే..."

"నేనే సార్. ఫారం నా బిడ్డ మమత నింపింది. మైనస్ త్రీకి దిగి వద్దామంటే గేటు ఇడిసిపెట్టనియ్యరు."

"కానీ ఆవరణలో జరగాలని..."

"పసుపు గీత కాడ్నుంచే ఆవరణ. గీతకు ఇవతల కూసోబెట్టిన గదా సార్."

"సిగ్గుగా ఉంది ఐలయ్యా. నిన్ను ఎంత మాటన్నాను. మరి నీ ఉద్యోగం? స్రవంతి గారు ఈ పుస్తకం చూస్తే?"

"చూస్తది. రోజు ఏడింటికి చూస్తది. చూసినంక నాకు కొలువుండది."

"నా వల్ల నీకెందుకయ్యా ఈ పరేషాను. అయినా ఈ రోజు గట్టెక్కాం, రేపో? రేపూ అదే ఓటీపీ, అదే ఫోను. గేటు దగ్గర నువ్వు కూడా ఉండవు."

"ఉండ సార్. డ్యూటీ ఆరింటికి దిగుతది, మేడమ్ ఏడింటికొస్తది, నడుమ గంట ఉంది. మైనస్ త్రీ తాళంచెయ్యి ఇటియ్యుండ్రి, రాత్రికి ఆడ్నే పండుకుంట. రేపు మీరొచ్చి కొత్త గార్డుకు డిపార్ట్‌మెంట్ పేరు చెప్పుండ్రి, లోపల ఫోన్ నేనెత్తుత."