అక్క చల్లిన గింజలు

నీలగిరి కొండమీద మంచు విడిపోతోంది. ఎండుపుల్లలు ఏరుకోవడానికి వచ్చిన తోడా తెగ ఇల్లాలు వాలు చూసి నిలబడిపోయింది. ముందే వచ్చి కూర్చున్న పెద్ద తోటికోడలికి ఆ మొహం చూడగానే గుండె నిండిపోయింది.

"అక్కా! వాలంతా నీలమే!"

"పన్నెండేళ్లకోసారి వచ్చే కురింజి పూత నీలంగా కాక ఎర్రగా ఉంటుందా?"

"తెల్లదొరలు నాటిన తుమ్మలు కురింజిని మింగేశాయని, అవన్నీ ఒక్కదానివే కొట్టేసి, అవతలి కొండనుంచి గింజలు తెచ్చి చల్లితే, నీకు పిచ్చెక్కిందన్నాను."

"ఊరికే అన్నావా? గూడెమంతా తిరిగి చెప్పావు. పన్నెండేళ్లూ ఈ పొదల్ని కలుపన్నావు."

"అన్నాను. తప్పయింది."

చిన్నామె మోకాళ్లమీద వంగి, అక్క పాదాన్ని నుదుటికి ఆనించుకుంది. పెద్దామెకు నవ్వూ కన్నీళ్లూ ఒక్కసారే వచ్చాయి.

"చాల్లే, లే. గడ్డి తడిగా ఉంది."

"ఇక హాయిగా ఇంట్లో కూర్చో అక్కా. గెలిచావుగా!"

"కూర్చోవడమా? ఇవి గింజ పట్టగానే ఆ ఎదుటి కొండమీది తుమ్మలు కొట్టి అక్కడ చల్లాలి."

"డెబ్భై దాటాయి నీకు! అక్కడ పూసేది మళ్లీ పన్నెండేళ్లకే కదా!"

"నేను చూడకపోతే నీ మనవరాలు చూస్తుంది. అది సరే, నీకు గొడ్డలి పట్టడం వచ్చా?"

"రాదు. నేర్పు" అంటూ చిన్నామె కొంగు బిగించింది.