జువేరియా గీసిన గీత

నువ్వేమన్నా చెప్పు రాజేంద్రప్పా, పన్నెండేండ్లు పని చేసినోన్ని పట్టుకోని, నిన్నగాక మొన్నొచ్చిన పిల్లను సూసి నేర్చుకోమంటే ఎవురికి కాలదు? నీకు కాలదా? రేపు నీ మోటరు షాపులోకి ఎవురో వచ్చి 'అన్నా, నువ్వు చుట్టేది తప్పు' అంటే గమ్మునుంటావా?

నవ్వొద్దు. ఆ రాగితీగ రోంతసేపు పక్కన పెట్టు. మదనపల్లి నుంచి పుంగనూరికి ఊరికే బస్సెక్కి రాలేదు నేను.

మా ఆఫీసు పని నీకు తెలిసిందే కదా. రైతు గానీ, నీ మాదిరి మెకానిక్కు గానీ మా వెబ్‌సైటు తెరిచి, మోటరు ఎన్ని హెచ్‌పీ, సింగిల్ ఫేజా త్రీ ఫేజా అని కొడితే సాలు, ఏ తీగ యాడ కలపాలో బొమ్మ తయారై వస్తాది. ఆ బొమ్మలన్నీ నావి. ఈ సుకుమార్ చేతివి!

నావి పీఎన్‌జీలు. ఫోటో మాదిరి, చుక్కలు పేర్చి చేసినవి. అన్నేండ్లూ ఎవురూ వంక పెట్టలా. ఎనిమిది నెలల కింద ఆ జువేరియా వచ్చింది. మదనపల్లిలో బెంగుళూరు బస్టాండు కాడ ఘని టైలరు ఉండాడే, ఆయప్ప కూతురు. వచ్చిన నెలకే 'అన్నా, వీటిని వెక్టర్‌లో చేద్దామా?' అనింది. దాంట్లో చుక్కలే ఉండవంట. ఈడ నుంచి ఆడికి గీత అని లెక్క రాసిపెడితే, ఫోనే అప్పటికప్పుడు గీసుకుంటాదంట. ఎంత పెద్దది చేసినా మసక కాదంట. బిరీన తెరుచుకుంటాదంట.

మా ఓనరు మురళీధర్ సారు రెండు బొమ్మలూ గోడ మీద తెరలో పెద్దవి చేసినాడు. నాది చదరాలు చదరాలుగా పగిలిపోయింది. ఆమెది? బ్లేడుతో కోసినట్ల ఉండాది. 'సుకుమార్, ఆ పాపను సూసి నేర్చుకోప్పా' అన్నాడు. అందరి ముందర!

ఆ పిల్ల ఏమనిందో తెలుసా? 'మోటరు స్టార్టరు ఫోటో పెట్టాల్నంటే అన్న పద్ధతే మంచిది సార్, గీతలకు మాత్రమే ఇది' అనింది. నా పక్కే మాట్లాడింది. అది ఇంకా కాలింది నాకు. తిట్టింటే బాగుండె.

ఇంగ అప్పట్నుంచి ఆమె అన్నానికి లేస్తే సాలు, నేను పోయి ఆ బొమ్మలు తెరిచేది, పెద్దవి చేసి వెతికేది. యాడన్నా ఒక్క గీత వంకర దొరుకుతాదేమోనని. దొరకదే! ఆదివారం చర్చిలో కండ్లు మూసుకుంటే ప్రార్థన రాదు, ఆ నల్లగీత అగుపడతాది. పక్కన మా షైలజ 'ఏమయ్యా, నిద్రపోతాండావా' అని గిల్లింది. నిద్ర యాడిది!

రెండు వారాల కింద మంగళవారం ఈడికొచ్చినా కదా. నీ పాత ఫోన్లో ఆ పిల్ల బొమ్మ తెరిచినాం. గీతలు బాగానే వచ్చినాయి. తెలుగు అక్షరాలుండాల్సిన చోటంతా ఖాళీ పెట్టెలు. 'ఇదేందప్పా' అన్నావు నువ్వు. నేను 'నీ ఫోను పాతది, వదిలెయ్' అన్నా.

నాకు సూస్తానే తెలిసిపోయిందప్పా. నా బొమ్మలో అక్షరాలు కూడా చుక్కలే, ఏ ఫోనుకి పోయినా అట్లే ఉంటాయి. ఆమె బొమ్మ మాత్రం ఫోన్లో ఉండే అక్షరాలు తీసుకోని రాసుకుంటాది. ఆ ఫోన్లో తెలుగు లేకుంటే పెట్టెలే. దానికి మందు కూడా నాకు తెలుసు. అక్షరాలను గూడా గీతలుగా మార్చేస్తే సాలు, అరగంట పని. ఒక్క మాట ఆ పిల్లకి చెప్పింటే అయిపోయేది. చెప్పలా. మీ బస్టాండులో వేడి వేడి బజ్జీలు తిని, ఈల వేసుకుంటా బస్సెక్కినా.

ఆ గురువారం కుప్పంలో ఆమె కొత్త బొమ్మలు సూపించే మీటింగు. నలభై మంది మెకానిక్కులు, కొందరు రైతులు. పలమనేరు దాటినాక బస్సులో ఆ పిల్ల లాప్‌టాప్ నా వొళ్ళో పెట్టింది. 'ఒక్కతూరి సూడన్నా. తప్పులుంటే ఇప్పుడే చెప్పు, దిగేలోపల సరిచేస్తా' అనింది.

సూసినా. పై నుంచి కిందిదాకా సూసినా. 'అంతా బాగుండాదిమా' అన్నా.

ఆడ సగం మంది ఫోన్లలో పెట్టెలే. కుప్పమ్మ అని ఒకామె లేచింది. మొగుడు లేడు, టమోటా తోట, బోరు అన్నీ తనే సూసుకుంటాది. 'అక్షరాలే లేకుంటే ఏ తీగ యాడ పెట్టేదిమా?' అని అడిగింది. హాలంతా నవ్వినారు. జువేరియా తల దించుకునింది. సారు నా దిక్కు తిరిగి 'నీవి పంపప్పా' అన్నాడు. వాట్సాప్‌లో పంపినా. అందరికీ అక్షరాలొచ్చినాయి. చప్పట్లు కొట్టినారప్పా! ఎంత తియ్యగా ఉన్నిందో ఆ పొద్దు.

అయితే వాట్సాప్‌లో పోతా పోతా నా బొమ్మ నలిగి మసకైపోయింది. రిలే కాడ తీగ కలపాల్సిన తొంభై ఆరో నంబరు తొంభై ఎనిమిది మాదిరి అగుపడింది. కుప్పమ్మ మెకానిక్కు అట్లే కలిపినాడు. మోటరు తిరగలా. లోడు ఎక్కువైతే కరెంటు ఆపేది ఆ రిలేనే, వాడు దాన్నే పక్కకు తీసేసి కరెంటు నేరుగా ఇచ్చినాడు. నీకు చెప్పాల్నా? నాలుగో రోజుకి మోటరు కాలిపోయింది. కాయ మీదుండే తోట వాడిపోయింది.

కుప్పమ్మ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎత్తింది నేనే. 'మీ బొమ్మ సూసే కదప్పా కలిపింది' అని ఏడ్చింది. సారేమో 'నీ బొమ్మ సరిగ్గా వచ్చింటే ఈ గతి పట్టేదా?' అని ఆ పిల్ల మీద పడినాడు. ఆమె 'తప్పు నాదే సార్, పాత ఫోన్లో సూడకుండా పోయినా' అనింది. సారు ఆ బొమ్మల పని ఆమె కాడ నుంచి పీకి నాకిచ్చినాడు.

అప్పుడు నాకేమనిపించిందో చెప్తా, ఎవురికీ చెప్పలేదు. సంతోషమప్పా. ఒక ఆడమనిషి తోట ఎండిపోయిందని ఏడుస్తాంటే, ఈ పిల్ల తిట్లు తింటాంటే, నాకు లోపల సంతోషం.

ఆదివారం ఆ పిల్ల వాళ్ళ నాయనను తోడు తీసుకోని కుప్పం పోయింది. కుప్పమ్మ మోటరు బాగు చేపించి, పక్కన నిలబడి స్టార్టరు కలిపించి వచ్చింది. ఎవురూ పొమ్మనలా. మళ్ళీ కూర్చోని అక్షరాలన్నీ గీతలు చేసింది, ఎవురూ చెప్పకుండానే కనిపెట్టుకోని. చేసి మొదట నాకే పంపింది. నేనేం చేసినా తెలుసా? పెద్దది చేసి తప్పు వెతికినా. సిగ్గు లేదు నాకు.

ఈ పొద్దు ఆ పిల్ల, పాత ఫోను ఏ మెకానిక్కు కాడుందని విచారించుకోని, నీ ఫోన్లో కొత్త బొమ్మ సూడాలని ఈడికే వస్తాండాది. 'రాజేంద్రన్నా, మొదటి బొమ్మ ఎప్పుడన్నా నీ ఫోన్లో తెరిచినావా?' అని అడగకుండా ఉండదు. లేదని చెప్పమని నిన్ను అడుక్కునేదానికే ముందుగా వచ్చినా.

యాల అట్ల సూస్తాండావు? తిట్టన్నా తిట్టప్పా.

అదో, బస్సు దిగతాండాది. ఎండలో ఆ సంచి మోసుకోని నవ్వుకుంటా వస్తాండాది సూడు. ఇప్పుడు గూడా కాలతాండాది నాకు, ఏం చేసేది!

నువ్వు లేచిపోవద్దు. ఈడే కూర్చో. నిజం నేనే చెప్తా. నాకు నోరు రాకుంటే, నువ్వు చెప్పెయ్.