కుళ్ళాయమ్మత్తను గుద్దని లారీ

పెద్దలారా, అమ్మలారా, పనులు మానుకుని పెనుకొండ దాకా వచ్చిన బంధువులారా,

ముందుగా క్షమాపణ. రెండు చేతులూ జోడించి, తల వంచి, సభాముఖంగా కోరుతున్న క్షమాపణ. ఈ ప్రసంగంలో ‘రొమ్ము’ అనే మాట వస్తుంది. దండ వేసిన ఫొటో ముందు ఆ మాట పలకడం మర్యాద కాదని నాకు తెలుసు. ఆ మాట వచ్చినప్పుడల్లా ముందు వరుసలోని పెద్దలు ఫ్యాను వైపు చూడవచ్చు. ఫ్యాను తిరగడం లేదు కాబట్టి కళ్లు కూడా తిరగవు.

మా మేనత్త కుళ్ళాయమ్మ పోయిన వారం నిద్రలోనే గుండె ఆగి వెళ్లిపోయింది. ఇంతవరకు మాట్లాడినవారంతా ఆరేళ్ల కిందట ఆమెను గుద్దిన లారీని తలచుకున్నారు. ఒకరైతే హైవే మీద వేగాన్ని అదుపు చేయాలన్నారు. చేయాల్సిందే. కానీ అత్తను ఏ లారీ గుద్దింది? ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. ఎందుకంటే ఆ లారీ లేదు.

ఉన్నది ఒక మరక. అత్త రవికె లోపల, ఒకవైపు, చిన్న నెత్తుటి మరక. ఉతికింది. మళ్లీ వచ్చింది. మళ్లీ ఉతికింది. చివరికి హిందూపురంలో డిగ్రీ చదువుతున్న నన్ను తోడు రమ్మంది. నా చదువు చూసి కాదు. “వీడైతే ఎవురికీ చెప్పడు, చెప్పినా ఎవురూ నమ్మరు” అని.

హిందూపురంలో స్కానింగు చేశారు. రొమ్ములో, చనుమొన వెనక పాలనాళంలో చిన్న గడ్డ. సూదితో ముక్కలు తీసి పరీక్షకు పంపారు. రిపోర్టులో ఆ గడ్డ రకం ‘పాపిలరీ’ అని వచ్చింది. నేను చదివితే అత్త, “ఏ పాపి లారీరా అది, నా మీదికే వచ్చింది” అని నవ్వింది. నవ్వుతూనే పైట కొంగును పిండుతూ కూర్చుంది.

బస్టాండులోంచి నేను చెప్పిన ఆ రిపోర్టు మాటను ధర్మవరంలో ఉండే మా ఉలిగప్ప మామ ఫోన్లో సగం విన్నాడు. ‘లారీ’ అనే సగం. సాయంత్రానికి ధర్మవరం బంధువులు బ్రెడ్డుతో, యాపిల్స్‌తో దిగారు. అత్తను కిందికీ పైకీ చూసి, “యాడా కట్టు లేదే” అని కొంచెం నిరాశపడ్డారు. అత్త “లోపలి దెబ్బ” అంది. అందులో అబద్ధం లేదు.

నిజం తెలిసిన చెల్లెలు కదిరమ్మ పొద్దున, “రొమ్ము మొత్తం తీపిచ్చేయక్కా, పీడ పోతాది” అంది. మాపటికి, “కత్తి తగిల్తే పాకుతాదంట, ఊరకుండు” అంది. అత్త రెండింటికీ తలూపి, నిద్ర లేకుండా తెల్లవార్చింది.

పుట్టపర్తిలో డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. ఇలాంటివి చాలావరకు క్యాన్సర్ కాదు. సూది తీసిన ముక్కలో కణాలన్నీ మామూలుగా ఉండి, స్కానింగు కూడా అదే చెబితే, కొందరికి తీయకుండా గమనిస్తూ ఉంటే చాలు. అత్త ముక్కలో మాత్రం కొన్ని కణాలు తేడాగా ఉన్నాయి. సూది చూసింది కొంతే. చూడని చోట ఏముందో తెలియదు.

అత్త అంది: “చెనక్కాయ మూటకు బొక్క పొడిచి గుప్పెడు తీస్తాం కదమ్మా. ఆ గుప్పెట్లో పుచ్చినవి కనపడితే మూట పారబోయం. అట్లే కుట్టేసి పెట్టం. కుమ్మరిచ్చి చూస్తాం.” డాక్టరమ్మ, “నేను చెప్పేదీ అదే” అంది. రొమ్ము ఉంచి గడ్డను పూర్తిగా తీశారు, తీసినదంతా పరీక్షించారు. క్యాన్సర్ లేదు. అయినా అత్త ఏటా పరీక్షకు వెళ్లింది.

ఊళ్లో మాత్రం లారీ నిలిచిపోయింది. ఇది అత్తను కుదురుగా ఉండనివ్వలేదు. పోయిన నెల నాతో, “నేను పోయినాక ఆ లారీని తీసెయ్‌రా. నా మాదిరి ఎవురో ఒకామె ఉతుక్కుంటా కూర్చోనుంటాది” అంది.

అమ్మలారా, ఆ ఒకామె ఈ హాల్లో ఉందా? నేను అడగను. పుట్టపర్తి బస్సు మాత్రం ఈడనుంచే పోతుంది.

ఇక అందరూ లేచి నిలబడండి. మౌనానికి ముందు ఒక్క మాట. ఈ వ్యవహారంలో నేను చేసిందేమిటి? అత్త సంచి మోశాను, క్యాంటీన్లో ఇడ్లీ తిన్నాను. అవి లెక్కలోకి రావు. నిజంగా చేసింది ఒకటుంది. ఆ రోజు మామ ఫోన్లో, “ఏం లారీ అబ్బా?” అని అడిగాడు. రొమ్ము అనే మాట నా నోటిదాకా వచ్చింది. బస్టాండు నిండా జనం.

“కర్ణాటక బండి మామా, ఆపకుండా పోయింది” అన్నాను.

రెండు నిమిషాలు.