రెండు కోతలు

భువనగిరి బైపాస్ మీద ఫారిన్ మోటారు సైకిళ్ళ షోరూం. దాని వెనక సర్వీసు షెడ్డు. దసరాకు ముందురోజు, పొద్దున పదిన్నర.

"లోపలికెందుకు మామా, గిక్కడనే కూసో. చాయ్ తెప్పిస్త."

"చాయ్ తాగనీకి రాలే లింగస్వామీ. రేపు దసరా. బండికి కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి, కొబ్బరికాయ కొట్టి పోత. మీ అత్త జానమ్మ పసుపు గిట్ల అన్నీ మూటగట్టి ఇచ్చింది."

"పూజ రేపు గదా మామా."

"రేపు షెడ్డు బందుంటదని నువ్వే చెప్పినవు పోయినసారి."

"చెప్పిన్నా... అవు, చెప్పిన. అయితే ఆ కాయ ఇటియ్యి. నేను కొడ్త. బీరన్న మామా, నీ పేరు మీదనే కొడ్త."

"ఎవని గొర్రెకు వాడే పసుపు పెట్టాలె బిడ్డా. జరుగు."

"షెడ్డుల నూనె పారింది. కాలు జారుతది."

"యాబై ఏండ్లు గుట్టలెంబడి తిరిగిన కాళ్ళు. జారవు."

"కస్టమర్లు లోపలికి రావొద్దని మా సారు బోర్డు పెట్టిండు. అగో, చూడు."

"నాకు చదువు రాదని తెలిసే చూపెడ్తున్నవా?"

"గట్లెందుకంటవు మామా. కూసో. జరసేపు కూసో."

"ఆర్నెల్ల సంది గిదే కుర్చీల కూసోవెడ్తున్నవు. సరే, కూసున్న. చెప్పు. పంపు వచ్చిందా?"

"రాలే."

"ఎండకాలంల రాలేదన్నవు. బోనాలకు రాలేదన్నవు. బతుకమ్మ అయిపోయింది, ఇప్పుడు గూడ రాలేదంటవు."

"అది నేను చేసే సామానా మామా? ఏడనో ఫారిన్ దేశంల తయారైతది. ఓడల ముంబైకొస్తది. అక్కడ దాన్ని తెప్పిచ్చేటోళ్ళ గోదాం ఉంటది. ఆడికెల్లి హైదరాబాదు, హైదరాబాదు కెల్లి మనకు. నేనైతే రోజూ మెయిల్ పెడుతనే ఉన్న. మీ ఆర్డరు మా దృష్టిల ఉంది అని వస్తది. ఆర్నెల్ల సంది గదే ముక్క."

"అమ్మేటప్పుడు ఓడ సంగతి చెప్పలే మీ సారు. ఫోన్ కొడితే మూడు రోజుల్ల సామాను వస్తదన్నడు. మెడల దండ వేసి, గింత పొడుగు అట్ట తాళంచెవి చేతుల పెట్టి ఫోటో తీసిండ్రు."

"ఆ ఫోటో తీసింది నేనే."

"నువ్వే. మా ఊరి పిలగానివని నీ మొఖం చూసి వచ్చినం. నేను లేనా మామా, నీకేం ఫికర్ అన్నవు."

"అన్న."

"ఆ మాట మీదనే మంద అమ్మిన. డెబ్బై గొర్రెలు. జానమ్మ రెండ్రోజులు అన్నం ముట్టలే."

"రాజేశ్ ఎట్లున్నడు?"

"మాట మార్చకు."

"మారుస్తలేను. అడుగుతున్న. చిన్నప్పటి దోస్తు గదా."

"ఎట్లుంటడు. పోయిన దసరాకు బండి కొన్నం, ఉగాది దాక నడిచింది. ఆ ఐదు నెలలు నా కొడుకు రాజు తీర్గ ఉండె. లగ్గం ఫోటోలు తీసేటోళ్ళు బండిని కిరాయికి మాట్లాడుకుందురు. ఖిల్లా కింద నిలబెట్టి ఫోటోలు, నందికొండ దాక తీస్కపోయి నీళ్ళ కాడ ఫోటోలు. పిల్ల, పిలగాడు దాని మీద కూసుంటే ఒకటి, దిగితే ఒకటి. బండి తోలేది రాజేశే, వేరేటోన్ని ముట్టనియ్యకపోతుండె."

"ఇప్పుడో?"

"ఇప్పుడు బాలస్వామి మందకు జీతం ఉన్నడు."

"జీతమా? రాజేశా?"

"మా గొర్రెలను కొన్నది ఆ బాలస్వామే. అవి ఇంకా గా మందలనే ఉన్నయి. డెబ్బై గొర్రెల ఇంటి పిలగాడు తన గొర్రెలనే కూలికి కాస్తుండు. పొద్దుగూకి దొడ్ల తోలేటప్పుడు అవి మా ఇంటి దిక్కు మళ్ళుతయట. వీడు కొట్టి అటు తోలాలె. నాతోని మాట్లాడి మూడు నెలలైతాంది."

"నాకు తెల్వదు మామా."

"ఎట్ల తెలుస్తది. ఊరికి వస్తలేవు గదా నువ్వు. పండుగకు గూడ వస్తలేవు. మీ అమ్మ బిక్షమ్మ నన్నడుగుతది, మా లింగస్వామి షోరూంల కనపడ్డడా అన్నా అని."

"పని ఉంటది మామా. సెలవు దొరకది."

"సామానే రాకపాయె, ఇంక పనేం పని నీకు?"

"పొడవకు మామా."

"పొడుస్తలేను. విను. ఫోటోలు తీసే ప్రవీణ్ మొన్న ఫోన్ చేసిండు. కార్తీకంల లగ్గాలు మస్తు పడ్డయట. తొమ్మిది జాగాలల్ల మన బండినే అడుగుతున్నరట. దీపావళి లోపల నడిస్తే సరే, లేకుంటే సూర్యాపేటల ఇంకొకని బండి మాట్లాడుకుంటనన్నడు. గా మాట చెప్తే రాజేశ్ మొదటిసారి తల ఎత్తి నా దిక్కు చూసిండు. వస్తదా బాపూ అన్నడు. గదొక్క మాటనే. అందుకే ఇయ్యాల పూజ చేసి, ముడుపు కట్టి పోదామని వచ్చిన. దీపావళి దాక ఆగుత."

"దీపావళికి రాదు."

"మరెప్పుడొస్తది?"

"నీ ఒక్కని బాధనే గాదిది. జాషువా సారు లేడా, చౌటుప్పల్‌ల బడిపంతులు? ఆయన బండి గూడ శ్రావణంల గట్లనే ఆగింది. నీ దానికొచ్చిన రోగమే. లాప్‌టాప్ పెట్టి చూస్తే గదే మాట, పెట్రోల్ జోరు తక్కువున్నది, పంపు మార్చుమని. రెండు బండ్లు ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డయి."

"పక్కపక్కన నిలబడ్డయా?"

"అవు."

"నా బండి నిలబడే ఉందా లింగస్వామీ?"

"ఉండక యాడికి పోతది?"

"ముందు చక్రం లేకుంట ఎట్ల నిలబడ్డది?"

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"ఎవరూ చెప్పలే. మోత్కూరు సంతకు పోయిన. ఎర్రబండి ఒకటి సోడా దుకాణం ముందర ఆగి ఉంది. ముందు చక్రం నాది."

"చక్రాలన్నీ ఒక్క తీరుగనే ఉంటయి మామా. కంపెనీ చక్రాలు."

"నీ కండ్లకు గొర్రెలు గూడ ఒక్క తీరుగనే ఉంటయి. చెవి చూడాలె."

"చక్రానికి చెవేంది?"

"మా మంద గుర్తు ఎరుకేనా నీకు?"

"ఎడమ చెవికి రెండు కోతలు. చిన్నప్పుడు చూసిన."

"మా తాత పెట్టిన గుర్తది. గొర్రెను ఒక్క రాత్రి వేరేటోని దొడ్ల పెట్టాల్నన్నా ముందు చెవి కోస్తం. రెండో సర్వీసుకు బండిని రెండ్రోజులు ఇక్కడ ఇడిచిపెట్టాలె అన్నవు గదా, యాదుందా? తెల్లారి తెస్తమనంగ ఆకురాయి పట్టుకొని కూసున్న. ఎడమ దిక్కున, కింది అంచుకు, ప్రతి సామానుకు రెండు కోతలు పెట్టిన. రాజేశుకు గూడ చెప్పలే."

"నా మీద నమ్మకం లేకనా?"

"నమ్మకం లేక గాదు బిడ్డా, అలవాటు. సొంత బామ్మర్ది మందల కలిపినా చెవి కోసే కలుపుతం. ఆయన దొంగనా ఏంది?"

"మామా..."

"చెప్పనియ్యి. చక్రం మోత్కూరుల. ముందు లైటు వలిగొండల ప్లాట్లు అమ్మేటాయన బండికి ఉంది. క్లచ్ లివరు మీ సారు బామ్మర్ది బండికి ఉంది. ఆ బండి ఇప్పుడు గేటు ముందరనే ఉన్నది. వంగి చూసుకొనే లోపలికి వచ్చిన."

"చూసుకొనే వచ్చినవా? మరి ఇంతసేపు పంపు వచ్చిందా, పంపు వచ్చిందా అని ఎందుకడిగినవు?"

"నీ నోటెంబడి ఏమొస్తదో చూద్దామని."

"మెల్లగ మాట్లాడు మామా. సారు లోపలున్నడు."

"మెల్లగనే మాట్లాడుతున్న. ఎప్పుడన్నా గట్టిగ మాట్లాడిన్నా నీతోని?"

"లేదు. గట్టిగ మాట్లాడలే. గందుకే గిట్లయింది."

"ఎట్ల?"

"పంపు ఇగ రాదు మామా. ఏ సామానూ రాదు. ఈ బండ్లను మన దేశానికి తెప్పిచ్చి అమ్మేటోళ్ళు ముంబైల ఆఫీసు మూసుకున్నరు. ఆ దేశపోళ్ళతోని ఏదో పంచాయితి పడ్డదట. ఆషాఢంలనే మూసిండ్రు. మాకు తెలిసేటాలకు రాఖీ పున్నం దాటింది. నేను మెయిల్ పెడితే జవాబిచ్చేది మనిషి గాదు, మిషను."

"మీ సారుకు తెలుసా?"

"తెలుసు. షోరూంల ఇంకా పదకొండు బండ్లు ఉండె. అవి అమ్ముడుపోయేదాక ఎవరన్నా నోరిప్పితే పని తీసేస్త అన్నడు."

"ఇంకా అమ్ముతున్నరా?"

"మొన్న ఒకటి పోయింది. దండ వేసినం. అట్ట తాళంచెవి ఇచ్చినం."

"ఫోటో?"

"నేనే తీసిన."

"సిగ్గనిపియ్యలేదా బిడ్డా?"

"అనిపిచ్చింది. అయినా తీసిన. ఇంటి కిరాయి, పిల్ల బడి. ఈ పని పోతే నాకు వేరేది రాదు."

"గంతమంది బండ్లుంటే నాదే ఎందుకు విప్పినవు?"

"ఒకడొచ్చి ఎమ్మెల్యే మనిషితోని ఫోన్ చేపిస్తడు. ఇంకొకడు అద్దాలు పలగ్గొడ్తనంటడు. ఒకాయన వకీలు నోటీసు పంపిండు. నువ్వొస్తవు. పంపు వచ్చిందా బిడ్డా అంటవు. రాలే అంటే తువ్వాల దులుపుకొని లేస్తవు. పదిరోజులకు చేబదులు తీసుకుంటున్న అనుకొనే మొదటిది విప్పిన. సామాను రాంగనే పెడుదామనుకున్న. ఒకటి విప్పినంక రెండోదానికి ఆలోచన చెయ్యలే."

"నెమ్మదిగ అడిగినందుకు నాది విప్పినవు."

"అవు మామా."

"మెత్తనోన్ని చూస్తే మొత్తబుద్ధి అయితదని ఊకె అన్నరా."

"కొట్టు మామా. ఏమనను."

"నిన్ను కొడితే రాజేశ్ బాలస్వామి మందకెల్లి ఇంటికొస్తడా? కాగితం తీయి. ఏ సామాను ఎవరి బండికి పెట్టినవో వరుసగ రాయి. నేను ఒక్కొక్క ఊరు తిరుగుత, గుర్తు చూపెట్టి తెచ్చుకుంట. దొడ్డి తప్పిన గొర్రెలను గట్లనే తెచ్చుకుంటం. గుర్తు చూపిస్తే ఏ కురుమోడూ లేదనడు."

"వాళ్ళు కురుమోళ్ళు గాదు మామా."

"రాయమంటున్న గదా."

"రాస్తున్న. చక్రం, లైటు, లివరు నీకు తెలిసినయే. సీటు ఆలేరుకు పోయింది. ఎనక బ్రేకు రామన్నపేటల దశరథం బండికి. అద్దాలు రెండు ఆయనకే. ట్యాంకు జాషువా సారు బండికి."

"ట్యాంకు గూడనా?"

"వానల జారి పడ్డడు సారు. ట్యాంకు పగిలింది. నీది ఉన్నదున్నట్టు తీసి పెట్టిన. దాని పంపు ఖరాబని అది తీసేసి, ఆయన పంపే దాంట్ల వేసిన."

"ఆయన పంపు మంచిదా?"

"మంచిది. అయినా వారానికే బండి ఆగింది... ఆగు మామా. ట్యాంకుకు గూడ గుర్తు పెట్టినవా?"

"ట్యాంకు మీద గీత పడితే రంగు పోతది, రాజేశ్ లొల్లి పెడ్తడు. ట్యాంకు కిందికెల్లి నల్ల పైపు వస్తది చూడు, దానికి పెట్టిన. అది మెత్తగుండె. ఆకురాయి ఎక్కలే. చెవులు కోసే కత్తితోని కోసిన."

"ఎంత లోతు కోసినవు?"

"చెవికి పెట్టినంత. తెగిపోలే, మంచిగనే ఉండె. చుక్క గూడ కారలే."

"సర్వీసు చేపిచ్చి తీస్కపోయినంక ఎన్ని రోజులకు ఆగింది నీ బండి?"

"తొమ్మిదో రోజు. ఉగాది పచ్చడి తాగి బయటికి తీసిండు, ఖిల్లా మలుపు కాడ ఆగింది. ఎందుకు?"

"జాషువా సారు బండికి నీ ట్యాంకుతోని పాటు ఆ పైపు గూడ పెట్టిన మామా."

"పెడితే?"

"పెట్రోల్ వాసన వస్తుండె. రెండు బండ్లకూ వచ్చింది. నా ముక్కుకు తెలిసింది. విప్పి చూడలే. సీలు ఇప్పితే వారంటీ పోతది, లాప్‌టాప్ ఏది చెప్తే అది ఆర్డరు పెట్టాలె, సొంత తెలివి వాడొద్దని ట్రైనింగుల చెప్పిండ్రు. అది జోరు తక్కువున్నదన్నది, పంపు అన్నది. నేను పంపు రాసిన. తెలిసిన మేస్త్రినే గదా, ఒక్కసారి పైపును చేత్తో తడిమి చూసినా అయిపోతుండె."

"నాకు సమజయ్యేటట్టు చెప్పు బిడ్డా. నా కోత తోని ఏమన్నా అయిందా?"

"పంపు మంచిగనే ఉండె మామా. నీ కోత కాడ పైపు చీలి పెట్రోల్ కారింది."

"మరి దేనికోసం చూసినం ఆర్నెల్లు? పైపు కోసమా? ఆ పైపు గూడ ఓడల రావాల్నా?"

"రోడ్డు అవతల ట్రాక్టర్ సామాన్ల దుకాణంల మూర లెక్కన కోసిస్తరు."