పుండు లేని దురద

గడపకాడ్నే నిలబడితివేమప్పా గిడ్డయ్యా? మీయన్న ఇల్లే గదా. లోపలికొస్తే అంటుకుంటాదని నీకూ చెప్పిరా?

కూచో. మెల్లగా మాట్లాడు. ఆయప్ప పెరట్లో పండుకోనుండాడు.

మీయన్నను చేనుకాడి గుడిసెకు తోల్కపొమ్మని పెద్దమనుషులు నిన్ను పంపిరంట. మారెన్నకు పెద్దరోగమనిరి, కుష్టనిరి. బాయికాడికి రావద్దనిరి. సరే. కర్నూల్లో డాక్టరు ఏమనెనో అదీ విని పో.

ఎన్నాళ్లనించో గోక్కుంటాండాడు గదా. నాపరాళ్ల గనిలో దుమ్మని ఒకరు, గజ్జి అని ఒకరు. గంధకం నూనెలో కలిపి పూస్తిమి. కాగే నీళ్లు పోస్తిమి. పోసినంతసేపే సుఖం, ఆమీట ఇంకా ఎక్కువ. వీపు గోడకేసి రుద్దుకుంటాండె. సున్నం మీద నెత్తురు మరకలు.

డాక్టరు చొక్కా ఇప్పించి వేళ్లసందులు చూసె. కండ్లు మూసుకోమని ఒళ్లంతా దూదితో తాకె. తాకినచోటల్లా తెలుస్తాందనె మీయన్న. పెద్దరోగమైతే తెలీదంట. గోళ్ల గీతలే గానీ పొక్కు ల్యాదు, పుండు ల్యాదు. ఇంట్లో ఇంకెవరికన్నా దురద ఉందా అని అడిగె. ల్యాదంటిమి. అప్పుడు, ఇన్నాళ్లూ ఎవురూ అడగని మాట అడిగె.

"ఒంటేలుకు సరిగ్గా పోతున్నావా?"

మీయన్న తల వంచుకునె. శానా తక్కువైందని, నురగ వస్తాందని, పొద్దున లేస్తే మొగం ఉబ్బుతాందని ఒక్కొక్కటే చెప్పె. కట్టుకున్నదాన్ని, నాక్కూడా చెప్పింది ల్యాదప్పా. ఆ ఒంటేలు గాజుగొట్టంలో పోసి దీపంమీద కాచిరి. కోడిగుడ్డు తెల్లసొన మాదిరి విరిగె.

మూత్రపిండాలు చెడిపోయినాయంట. బయటికి పోవాల్సిన చెడు నెత్తుర్లోనే నిల్చి దురద పుట్టిస్తాదంట. అది ఎవురికీ అంటదు. పో, ఊర్లో చెప్పు.

గంధకం మాన్పిచ్చె. చల్లనీళ్లతో తుడిచి, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయమనె. గోళ్లు కత్తిరించమనె, మెత్తని పాతగుడ్డలు కట్టమనె. ఉప్పు తగ్గించమనె. మాత్రలిచ్చె. పూర్తిగా పోల్యా గానీ సగం తగ్గె. మల్లా గనికి పోతానని మీయన్న సుత్తికి కొత్త పిడి వేసుకున్యాడు.

ఆయప్పకు చెప్పనిది నీకు చెప్తాండా. డాక్టరు నన్నొక్కదాన్నే వరండాలోకి పిలిచె.

"దురదకు మందుందమ్మా. మూత్రపిండాలకు లేదు."

మద్రాసులో దొరల ఆసుపత్రికి తోల్కపోతేనో అంటి. యాడా ల్యాదనె. కూడు సయించకపోతే, పగలంతా మత్తుగా పడుంటే, ఇంక దగ్గరపడినట్లే అనె.

నిన్నట్నించి సంగటి ముందర పెడితే మొగం తిప్పుకుంటాండాడు. కూచున్నచోటే జోగుతాండాడు. ఎన్నాళ్లకో ఇంత నిద్ర పడ్తాందని, మందు బాగా పనిచేస్తాందని, ఆ డాక్టరుకు దండం పెడ్తాండాడు. నేనూ అవునవునంటాండా. ఇంకేమనాల?

లేస్తాండావా? ఆయప్పను లేపొద్దులే.

పెద్దమనుషులకు చెప్పు, తొందర పడొద్దను. ఊరిడిచిపోయే మనిషే గదా. పోతాడులే.