మెడ కత్తిరించిన కాగితం

ఏమిటే ఆ మొహం, క్లారినెట్ కరిచిందా? స్వరాల కాగితంలో సి అని ఉంది, నువ్వు సి ఊదావు, కీబోర్డు ముందున్న మీ అన్నేమో అది బి ఫ్లాట్ అంటున్నాడు, అంతేగా? ఇద్దరూ రైటే. ఈ తగువు మా ఇంట్లో అరవై ఏళ్ల కిందటే తేలిపోయింది, తేల్చింది మా అక్క. పోయి ఇరవై ఏళ్లయింది గానీ, ఉంటే ఈపాటికి నీ చెవి ఆవిడ చేతిలో ఉండేది. బ్యాండు మా నాన్నది. అక్క పని మా కోట్లు కుట్టడం. కాగితాల జోలికొస్తే "సూది పట్టే చేతికి స్వరాలెందుకమ్మా" అనేవాడు నాన్న. గొంతా అది, ఖాళీ డ్రమ్ము దొర్లించినట్టుండేది. ఏం చెప్తున్నాను? ఆఁ, మావన్నీ నీదానిలాంటి క్లారినెట్లూ, వాటి శ్రుతికే సరిపోయే ట్రంపెట్లూ. అందరికీ ఒకటే కాగితం, గొడవే లేదు. కొత్త హాలు తెరిచే రోజున ఒకావిడ పాడాలన్నారు, ఆవిడ వెంట హార్మోనియం వచ్చింది. నాన్న ఆ హార్మోనియం కాగితాన్నే మా ఆరుగురికీ నకలు తీయించాడు. రిహార్సల్ మొదలెట్టామా, ఇక చూస్కో, పిల్లుల పంచాయితీ. నాన్న నా మీద పడ్డాడు, నేను నా క్లారినెట్ రీడు మీద పడ్డాను. అక్క కుట్టులోంచి తల ఎత్తకుండానే అంది: "నీ కొలతతో తమ్ముడికి కోటు కుడితే మోకాళ్లు దాటుతుంది నాన్నా. వీళ్ల సి హార్మోనియం కన్నా రెండు మెట్లు కింద పలుకుతోంది. వీళ్లకి రెండు మెట్లు పైకి రాయాలి." నల్లమెట్లు కూడా లెక్కేసుకుని రెండు, గుర్తుపెట్టుకో. రాసి చూపించమన్నాడు నాన్న, ఓడిపోతుందిలే అని. వారం కూర్చుని ఆరూ రాసింది. అతికినట్టు సరిపోయింది. మెచ్చుకున్నాడా? అక్షరాలు వంకరన్నాడు.

తీరా ఆ రోజు, తెర లేవడానికి పావుగంట ఉందనగా, పాడే ఆవిడ జలుబుతో దిగింది. రెండు మెట్లు దించితే తప్ప తనవల్ల కాదంది. హార్మోనియం ఆయనకేం, చెయ్యి అటు జరుపుకుంటాడు. మాకో, ఆరు కాగితాలు తిరగరాయాలి. నాన్న కుర్చీలో కూలబడ్డాడు. ఇవాళ పరువు పోతే రేపే వాయిద్యాలు అమ్మేస్తానన్నాడు, అన్నాడంటే చేసే మనిషి. అప్పుడు అక్క కుట్టు సంచీ బోర్లించింది. పారేశామనుకున్న ఆ మొదటి నకళ్లు! కాలర్లకి నమూనాలు కత్తిరించుకోవడానికి దాచుకుందట. "అప్పుడు రెండు మెట్లు తక్కువ పలికాయని తప్పయ్యాయి. ఇప్పుడు మనకి కావలసింది ఆ తక్కువే." నాన్న వేళ్ల మీద లెక్కేశాడు, మళ్లీ లెక్కేశాడు, తన చేత్తోనే పంచాడు. నా ఖర్మ, నా కాగితానికి అప్పటికే మెడ కత్తిరించేసింది. చిల్లు వచ్చినచోటల్లా పక్కవాడి కాగితంలోకి తొంగిచూస్తూ ఊదాను. ఒక్క స్వరం తప్పలేదే! మర్నాటి నుంచి ఏ కొత్త పాటొచ్చినా నాన్న ముందు కుట్టుమిషను మీద పెట్టేవాడు, "దర్జీగారూ, కొలతలు చూడండి" అని. గారూ అట! నన్ను చచ్చేదాకా ఒరే దాటి పిలవలేదు.

అదిగో, అద్దం పక్కన పటం కట్టించానే, ఎలుక కొరికిందా తాతయ్యా అని చిన్నప్పుడు అడిగావే, అదే ఆ కాగితం. అదే... ఊఁ. నన్నేం చూస్తావు, పెన్సిలు తీసుకురా. రెండు మెట్లు పైకి.